బెజవాడ బ్రీజ్ కెప్టెన్ ఊరికి: పటమట నుంచి హంసలదీవి దాకా ఒక ఆదివారం

హంసలదీవికి ఎలా వెళ్లాలి, విజయవాడ నుంచి ఒక్క రోజులో వెళ్లి రావచ్చా అని ఈ బ్లాగు చదివేవాళ్లు చాలాసార్లు అడిగారు. కృష్ణ సముద్రంలో కలిసే చోటు కాబట్టి అడగడం సహజమే. మొన్న సెప్టెంబరులో ఒక ఆదివారం వెళ్లొచ్చాను. అయితే చూడటానికి వెళ్లలేదు. మా కెప్టెన్ డానియేల్ పోయి ఏడాది అయింది. కోడూరు దాటాక, సముద్రానికి దగ్గర్లో ఉన్న వాళ్ల ఊళ్లో జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. డానియేల్ భార్య సునీత ఫోన్ చేసి, "నువ్వు వస్తావని తెలుసు ఝాన్సీ. వచ్చేటప్పుడు ఖాజాను తీసుకురా. నేను పిలిస్తే రాడు" అంది. దారి వివరాలు కావాలనుకునేవాళ్లకు అవి ఇందులో దొరుకుతాయి. కానీ ఈసారి దారితో పాటు మా జట్టు గురించి కూడా చెప్పక తప్పదు.

బెజవాడ బ్రీజ్ అనే పేరు మీలో చాలామంది విని ఉండరు. రెండు సీజన్లు మాత్రమే బతికిన అల్టిమేట్ ఫ్రిస్బీ జట్టు అది. పళ్లెంలా ఉండే ప్లాస్టిక్ డిస్కును గాల్లో ఒకరికొకరు అందించుకుంటూ అవతలి చివరి గడిలోకి చేర్చే ఆట. జట్టుకు ఏడుగురు, ఆడా మగా కలిసే ఆడతారు. డిస్కు చేతిలో ఉన్నవాళ్లు పరిగెత్తకూడదు, నిలబడి విసరాలి. చివరి గడిలో ఎవరైనా పట్టుకుంటే పాయింటు. మిగతా ఆటలకూ దీనికీ ఒక పెద్ద తేడా ఉంది. దీనికి అంపైరు ఉండడు. తప్పు జరిగితే ఆడేవాళ్లే ఆగి చెప్పాలి, ఆ మాట మీదే ఆట నడుస్తుంది. కొన్నేళ్ల కిందట ఆరు ఊళ్ల పేర్లతో ఒక ప్రైవేటు లీగ్ మొదలైనప్పుడు, రొయ్యల మేత వ్యాపారం చేసే ఒక పెద్దమనిషి విజయవాడ జట్టును పెట్టారు. ఎండాకాలంలో ఆకు కూడా కదలని ఊరికి గాలి పేరేమిటని అందరూ నవ్వారు. మేమూ నవ్వాం. నవ్వుతూనే సంతకాలు పెట్టాం. ఆడినందుకు నెలనెలా జీతం ఇస్తామని మాతో అంతకు ముందు ఎవరూ అనలేదు మరి.

శనివారం రాత్రి సికింద్రాబాదులో రైలెక్కి తెల్లవారేసరికి విజయవాడలో దిగాను. స్టేషన్ బయట ఆటో అతను భవానీపురానికి నూట యాభై అడిగి నూట ఇరవైకి వచ్చాడు. ఖాజా ఇల్లు అక్కడే, కృష్ణ ఒడ్డుకు రెండు వీధుల ఇవతల. మా జట్టులో అందరికన్నా దూరం విసరగలిగినవాడు ఖాజా. ఇప్పుడు ఆటోనగర్‌లో వాళ్ల మేనమామ కొట్లో కార్లకు సీటు కవర్లు కుడుతున్నాడు. నేను వెళ్లేసరికి గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. తల దువ్వుకున్నాడు, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, కాళ్లకు మాత్రం ఇంట్లో తొడుక్కునే హవాయి చెప్పులే ఉన్నాయి.

"వస్తానని నేను చెప్పలేదు కదక్కా."

"రానని కూడా చెప్పలా."

వీధి చివర బండి దగ్గర ఇద్దరం ఇడ్లీ తిన్నాం. ఆ బండి అల్లం చట్నీ కోసం పటమట నుంచి కూడా వచ్చేవాళ్లం ఒకప్పుడు. ప్లేటు ముప్పై, చట్నీ ఎన్నిసార్లయినా పోస్తారు. చేయి కడుక్కుంటూ ఖాజా అన్నాడు. "ఆదివారం, కొట్టు సెలవు. అంత దూరం ఒక్కదానివే పోతున్నావని తోడు వస్తున్నా. చర్చి లోపలికి మాత్రం రాను. ఆ విషయం ముందే చెప్తున్నా." సరేనన్నాను. ఇంటికి వెళ్లి బూట్లు వేసుకుని వచ్చాడు.

హంసలదీవికి ముందు అవనిగడ్డ చేరాలి. ఆ బస్సులు బస్టాండు నుంచి బయలుదేరినా బెంజి సర్కిల్ దగ్గర ఆగుతాయి. అక్కడ ఎక్కొచ్చులే అని, ముందు పటమటలో మా పాత గ్రౌండు చూడాలనుకున్నాను. నేను పుట్టి పెరిగింది పటమటలోనే. ఖాజా మెయిన్ రోడ్డు మీద టీకొట్టు దగ్గరే ఆగిపోయాడు. "నువ్వు చూసిరా అక్కా" అన్నాడు. చూడటానికి అక్కడేమీ మిగల్లేదు. మేం పరిగెత్తిన చోట పెద్ద ఫంక్షన్ హాలు లేచింది. ముందు రోజు ఎవరిదో పెళ్లి అయినట్టుంది, గేటు నిండా వాడిన బంతిపూలు. కుర్చీలు సర్దిస్తున్న వాచ్‌మన్‌ను, "ఇక్కడ గ్రౌండు ఉండేదండీ, గుర్తుందా?" అని అడిగాను. "గ్రౌండా? నేనొచ్చేటప్పటికే పునాదులు పోశారండి. ఏం ఆడేవాళ్లు, క్రికెట్టా?" అన్నాడు. ఫ్రిస్బీ అంటే అర్థం కాలేదు. చేత్తో విసిరి చూపించాను. "ఓ, కుక్కలకు వేస్తారు, అదా" అన్నాడు మంచిగానే. అవునన్నాను.

డానియేల్‌ను మొదటిసారి చూసింది ఆ నేల మీదే. గుణదలలో ఒక స్కూల్లో వ్యాయామం మాస్టారుగా చేసేవాడు, అది వదిలేసి వచ్చాడు. సునీత అప్పటికే మంచి ఆటగత్తె, తనూ జట్టులో చేరింది. ఇద్దరూ గుణదల కొండ కింద ఒక మేడ మీద వాటాలో ఉండేవాళ్లు. మిగతా వాళ్లకు సింగ్ నగర్‌లో ఒక ఇల్లు అద్దెకు తీసుకుని దానికి హాస్టల్ అని పేరు పెట్టారు. మొదటి సీజన్లో ఒకే ఒక్క మ్యాచ్ గెలిచాం. రోజూ తెల్లవారకముందే డానియేల్ హాస్టల్ తలుపు కొట్టేవాడు. అరిచేవాడు కాదు, లేచేదాకా కొడుతూ ఉండేవాడు, అంతే. ఎవరైనా ప్రాక్టీసులో తప్పు దాస్తే ఆట ఆపి, "నువ్వు చూశావు కదా, చెప్పెయ్" అనేవాడు. చెప్పాక మళ్లీ దాని మాట ఎత్తేవాడు కాదు. రెండో సీజన్‌కు ఎలా కుదిరిందో కుదిరింది. సెమీఫైనల్ దాకా వెళ్లాం.

బెంజి సర్కిల్లో బస్సు ఎక్కేసరికి ఎనిమిదిన్నర దాటింది. నా ఆధార్ కార్డులో ఇంకా పటమట అడ్రసే ఉంది కాబట్టి నాకు ఉచిత టికెట్టు కొట్టారు, ఖాజాకు నూట ఇరవై చిల్లర అయింది. "ఆడోళ్లుగా పుట్టాల్సింది" అని కండక్టరుతో అన్నాడు. "నేనూ రోజూ అదే అనుకుంటున్నా బాబూ" అన్నాడు ఆయన. ఆ రోజు మేమిద్దరం నవ్వింది ఆ ఒక్కసారే. ఎడమ కిటికీ పక్క సీటు దొరికితే కూర్చోండి. కంకిపాడు దాటిన దగ్గర్నుంచి కాలువలు, నాట్లు పడిన చేలు కనిపిస్తూనే ఉంటాయి. ఉయ్యూరులో బస్సు పది నిమిషాలు ఆగుతుంది. వేయించిన వేరుశెనక్కాయలు అమ్మేవాళ్లు కిటికీల దగ్గరికే వస్తారు.

సెమీఫైనల్ చెన్నైలో జరిగింది, చెన్నై జట్టుతోనే. ఆఖరుకు స్కోరు సమం అయింది. తర్వాతి పాయింటు ఎవరిదైతే మ్యాచ్ వాళ్లది. ఖాజా మా సగం నుంచి విసిరిన డిస్కు ఒంపు తిరిగి చివరి గడి మూలకు వెళ్లింది. డానియేల్ దాని వెనకాల పరిగెత్తి, ఎగిరి, ఒంటి చేత్తో పట్టుకుని కింద పడ్డాడు. మేమంతా అరుచుకుంటూ మైదానంలోకి దూకాం. చెన్నై వాళ్లు తలలు పట్టుకున్నారు. డానియేల్ లేచి, చేయెత్తి, "నా కాలు వెనక గీత మీద పడింది. అవుట్" అన్నాడు. చెన్నై జట్టులో ఎవరూ చూడలేదు. వాళ్ల కెప్టెన్ నమ్మలేక, నిజంగానా అని రెండుసార్లు అడిగింది. డిస్కు వాళ్ల చేతికి వెళ్లింది, నిమిషంలో పాయింటు అయిపోయింది. మ్యాచ్ ముగిశాక రెండు జట్లూ భుజాల మీద చేతులు వేసుకుని గుండ్రంగా నిలబడి, ఒకరి ఆట గురించి ఒకరు ఒక మంచి మాట చెప్పుకోవడం ఈ ఆటలో ఆచారం. ఆ రోజు వాళ్లందరూ డానియేల్ గురించే చెప్పారు. మా వాళ్లు నేల చూపులు చూస్తూ నిలబడ్డారు. ఖాజా ఆ గుండ్రంలోకి రానే లేదు. వెళ్లి బస్సులో కూర్చున్నాడు. ఆ రోజు నుంచి డానియేల్‌తో మాట్లాడలేదు.

రెండు నెలలు తిరక్కుండానే హాస్టల్ ఖాళీ చేయమన్నారు. జట్టు మూసేశారు. ఫైనల్‌కు వెళ్లి ఉంటే మూసేవాళ్లు కాదని ఖాజా నమ్మకం. ఆ పెద్దమనిషి ముందే మూయాలనుకున్నారని ఇంకొందరు అంటారు. నాకు తెలియదు. నేను హైదరాబాదులో ఉద్యోగం చూసుకున్నాను, కొందరు చదువులకు వెళ్లారు, కొందరు ఏమయ్యారో తెలియదు. మిగిలిపోయిన డిస్కుల పెట్టెలు పారేయడం ఇష్టం లేక డానియేల్ గుణదలకు మోసుకెళ్లాడు. అదే ఏడాది వానాకాలంలో బుడమేరు వాగు పొంగి సగం బెజవాడ మునిగింది.

పామర్రు దాటే దాకా ఖాజా ఆ ఊసే ఎత్తలేదు. కూచిపూడి స్టాపులో సగం బస్సు ఖాళీ అయ్యాక, కిటికీలోంచి చూస్తూనే మొదలుపెట్టాడు.

"మా రెహానా అక్క వాళ్లది సింగ్ నగర్ తెలుసుగా. నీళ్లు వచ్చిన రోజు పిల్లల్ని తీసుకుని డాబా ఎక్కేసింది. నేను భవానీపురంలో ఇరుక్కుపోయా. మా వీధిలోనూ నీళ్లే. రెండో రోజు ఫోన్ చేసి, 'ఒరేయ్, మీ కెప్టెన్ వచ్చాడురా' అంది. లారీ ట్యూబు మీద గిన్నెలు పెట్టుకుని, గొంతు దాకా నీళ్లలో తోసుకుంటా వచ్చాడంట. పెరుగన్నం, నీళ్ల సీసాలు ఇచ్చాడు. తినడానికి ప్లేట్లు లేవని మన డిస్కులే ఇచ్చాడంట, తిరగేసి."

"నీ గురించి అడిగాడా?"

"అడగలా. ఎంతమంది ఉన్నారు, పిల్లలెంతమంది అని అడిగి పక్క డాబాకి పోయాడంట. అక్కే గుర్తుపట్టింది." నా వైపు తిరిగాడు. "నా అక్క ఇల్లని తెలిసి వచ్చాడా, వరసలో ఆ డాబా వచ్చిందని వచ్చాడా? హాస్టల్లో ఉన్నప్పుడు ఒకసారి రంజాన్ పండక్కి నాతో ఆ ఇంటికి వచ్చాడు. సేమ్యా పాయసం రెండు గిన్నెలు తాగాడు. గుర్తుండాలి. ఏమో, నీళ్లలో మునిగితే అన్ని ఇళ్లూ ఒకేలా ఉంటాయి."

"అప్పుడే ఫోన్ చేయాల్సింది ఖాజా."

"చేద్దామనే అనుకున్నా అక్కా. నీళ్లు తగ్గనీ, కరెంటు రానీ, ఇల్లు కడుక్కోనీ, ఫోనెందుకు, ఎదురుగానే వెళ్లి కలుద్దాంలే అనుకున్నా. ఈలోపు జ్వరమన్నారు. వరద తర్వాత ఊళ్లో సగం మందికి జ్వరాలే కదా. తగ్గిపోతుందిలే అనుకున్నా."

తగ్గలేదు. ఎలుకల వల్ల మురుగునీళ్లలోంచి సోకే జ్వరం అది. కళ్లు పచ్చబడ్డాక గానీ అదేమిటో తెలియలేదు, అప్పటికే కిడ్నీలు పాడయ్యాయి. వారం లోపలే పోయాడు. నేను చివరి చూపుకు వచ్చాను. ఖాజా రాలేదు.

అవనిగడ్డలో పదకొండుకు దిగాం. అక్కణ్నుంచి కోడూరుకు షేర్ ఆటోలు ఉంటాయి, మనిషికి ముప్పై. కానీ ఊళ్లోకి, తర్వాత హంసలదీవికి, మళ్లీ వెనక్కి రావాలంటే మొత్తానికి ఒక ఆటో మాట్లాడుకోవడమే మేలు. నాంచారయ్య గారని పెద్దాయన, వెయ్యి రూపాయలకు సాయంత్రం దాకా ఉంటానన్నారు. మేం చర్చి పేరు చెప్పగానే, "డానియేలు బాబు కూడికకా? నేను పొద్దున ఒక ట్రిప్పు వేశానండి. ఎక్కండి" అన్నారు. కోడూరు దాటాక రోడ్డుకు రెండు పక్కలా చెరువులు, చేలు. ఉప్పుగాలి మొహానికి తగులుతుంది. ఊరి పేరు రాయొద్దని సునీత అడిగింది, అందుకే రాయడం లేదు.

చర్చి చిన్నది. మేం వెళ్లేసరికి పాటలు అయిపోయి పాస్టరు గారు మాట్లాడుతున్నారు. ఖాజా అన్నట్టుగానే లోపలికి రాలేదు, బయట బోరింగు గట్టు మీద కూర్చున్నాడు. లోపల ముందు వరసలో సునీత తెల్లచీరలో ఉంది. అవనిగడ్డలో ఒక స్కూల్లో పిల్లల చేత డ్రిల్లు చేయిస్తోంది ఇప్పుడు. మనిషి చాలా చిక్కిపోయింది. పద్దెనిమిది మంది ఆడిన జట్టు నుంచి, సునీత కాక, వచ్చింది నేనూ, బయట కూర్చున్న ఖాజా, అంతే.

"గెలుపు చేతిలోకి వచ్చాక కూడా నిజం చెప్పి, ఓడి వచ్చినవాడు మన డానియేలు. అలాంటి బిడ్డ మన ఊరివాడు" అన్నారు పాస్టరు గారు. ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. మైకు కాబట్టి బయటికి కూడా వినిపించే ఉంటుంది. నేను సునీతను చూశాను. ఆ మాటకు తలెత్తలేదు. చీర కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది. తర్వాత అందరం చేల పక్కన సమాధుల దగ్గరికి నడిచాం. సున్నం కొత్తగా వేశారు, పూలు పెట్టారు, ప్రార్థన చేశారు. ఖాజా అందరికన్నా వెనక, రోడ్డు మీదే ఆగిపోయాడు.

భోజనాలు చర్చి పక్కన షామియానా కింద పెట్టారు. అన్నం, కోడికూర, సాంబారు, పెరుగు. వంటమేస్త్రి ఒకాయన గరిటె పట్టుకుని ఖాజా కోసం వెతుక్కుంటూ బోరింగు దగ్గరికి వచ్చాడు.

"ఖాజా బాబు అంటే మీరేనాండీ? మీకు వేరే గిన్నె ఉంది. కోడిని మస్తాన్ గారి కొట్లో కోయించి తెచ్చాం, మీవాళ్ల పద్ధతిలోనే. వేరే పొయ్యి మీద వండా. రండి."

"నేను వస్తానని ఎవరు చెప్పారు?"

"అది నాకు తెలవదండి. సునీతమ్మ గారు నిన్న సాయంత్రం తనే వెళ్లి చెప్పొచ్చారు. వస్తే తినకుండా పోకూడదు కదా అన్నారు. చల్లారిపోద్ది, రండి."

ఖాజా లేచి ఆయన వెంట వెళ్లాడు. చివరి బల్ల దగ్గర కూర్చుని తలవంచుకుని తిన్నాడు. మధ్యలో రెండుసార్లు మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు. వంటమేస్త్రి కూర కారం ఎక్కువైందేమోనని మజ్జిగ తెచ్చి పోశాడు. చేయి కడుక్కున్నాక నేరుగా సునీత దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

"వదినా."

"తిన్నావా?"

"తిన్నా."

"సముద్రం దాకా వెళ్దాం పదండి" అంది సునీత, మా ఇద్దరితో. "పొద్దుటి నుంచి అందరూ నాతో మంచి మాటలే మాట్లాడుతున్నారు. ఊపిరాడటం లేదు."

హంసలదీవి గుడి దాటాక సముద్రం దాకా మట్టిరోడ్డు, దానికి అటవీ శాఖ గేటు ఉంటుంది. ఆటోకూ మనుషులకూ చిన్న రుసుము తీసుకుంటారు. సాయంత్రం త్వరగానే మూసేస్తారు కాబట్టి మధ్యాహ్నం మూడు లోపల వెళితే కాస్త కూర్చునే వీలుంటుంది. నాంచారయ్య గారు మబ్బు చూసి, "వాన పట్టేట్టుందమ్మా, గంటలో వచ్చేయండి" అన్నారు. కృష్ణ అక్కడ నదిలా ఉండదు. ఎక్కడ నది ఆగిందో, ఎక్కడ సముద్రం మొదలైందో రంగు చూసి పోల్చుకోవాలి. బురద రంగు నీళ్లు కొంతదూరం వెళ్లి నెమ్మదిగా నీలంలో కలిసిపోతాయి. మనుషులు పెద్దగా లేరు. చదునైన ఇసుక, ఒకే వైపు నుంచి వీచే గాలి. ఫ్రిస్బీ ఆడేవాళ్లు ఇలాంటి చోటు కోసం కలలు కంటారు. ముగ్గురిలో ఒక్కరం కూడా డిస్కు తేలేదు.

కాసేపు నడిచాక ఖాజా అడిగాడు. బస్సులో నాకు చెప్పిందంతా సునీతకు చెప్పాడు, డాబా, ట్యూబు, పెరుగన్నం, అన్నీ. చెప్పి, "తెలిసే వచ్చాడా వదినా? నా అక్క ఇల్లని నీతో అన్నాడా?" అన్నాడు. ఏడాది నుంచి ఈ ఒక్క ప్రశ్నే మోస్తున్నాడని అతని గొంతు వింటే తెలుస్తుంది.

సునీత ఇసుకలో కూర్చుంది. మేమూ కూర్చున్నాం.

"నాకు తెలియదు ఖాజా. డానీ చెప్పలేదు. నేనూ అడగలేదు." సముద్రం వైపు చూస్తూ మాట్లాడింది. "మీకెవరికీ తెలియదు గానీ, ఆ మ్యాచ్ తర్వాత నేను కూడా డానీతో సరిగ్గా మాట్లాడలేదు. మీరంతా చిన్నవాళ్లు, ఏదో ఒక దారి చూసుకుంటారు. మాకు ఇద్దరి పనీ ఒక్కసారే పోయింది. మళ్లీ స్కూలుకు వెళ్లి అడిగితే వేరే మనిషిని పెట్టుకున్నామన్నారు. ఒక రోజు కోపం ఆపుకోలేక, నీకు నీ కాలు కనబడింది, నేను కనబడలేదా అని అడిగేశా. డానీ అన్నం తినకుండా లేచి డాబా మీదికి పోయాడు."

"వదినా..."

"విను. వరదప్పుడు రోజూ పొద్దునే వెళ్లి చీకటిపడ్డాక తడిసొచ్చేవాడు. వేడినీళ్లు పెట్టేదాన్ని, అన్నం పెట్టేదాన్ని. ఎక్కడికెళ్లావు, ఎవరిని చూశావు అని ఒక్కరోజు కూడా అడగలేదు. అడిగితే చెప్పేవాడే. నీ అక్క ఇల్లో, ఇంకెవరి ఇల్లో, అన్నీ చెప్పేవాడు. కొంచెం కోపం తగ్గనీలే, అడుగుదాం అనుకున్నా. పొద్దున పాస్టరు గారు ఆ మాట అంటుంటే, ఊరంతా మెచ్చుకుంటుంటే, నేను ఎలా తలెత్తను?"

ఖాజా ఆమె దగ్గరికి జరిగాడు. "అన్నతో మాట్లాడనిది నేనొక్కణ్నే అనుకున్నా వదినా. ఇంటికి పోతే నువ్వున్నావు కదా అనుకునేవాణ్ని."

"అందరూ అదే అనుకున్నారు" అంది సునీత.

అతను మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడ్చాడు. ఆమె ఆపమనలేదు. చేయి చాచి అతని వీపు మీద పెట్టింది, అంతే. నేను ఏదైనా అనాలనుకున్నాను. మీరిద్దరూ తప్పు చేయలేదనో, డానియేల్ అర్థం చేసుకునే ఉంటాడనో. అది నిజమో కాదో నాకు తెలియనప్పుడు ఎలా అనను? డానియేల్ ఉండి ఉంటే, చూడనిది చూశానని చెప్పొద్దనేవాడు. ముగ్గురం వాన మొదలయ్యేదాకా అలాగే కూర్చున్నాం. చినుకులు పడుతుంటే నాంచారయ్య గారు దూరం నుంచి హారన్ కొట్టారు.

సునీతను అవనిగడ్డలో వాళ్లింటి దగ్గర దించాం. ఆటో దిగి, లోపలికి వంగి, "మళ్లీ కూడిక పెడితేనే వస్తావా?" అని ఖాజాను అడిగింది. "రెహానా అక్కను తీసుకుని వచ్చే నెలలో వస్తా. ఆ రోజు డానీ అన్న ఏమేం మాట్లాడాడో తననే అడుగు వదినా. నాలుగు మాటలే గానీ, తనకు బాగా గుర్తు" అన్నాడు. సునీత తలూపింది. ఆ నాలుగు మాటలు వినాలని ఆమెకు ఎంత ఉందో మొహంలో కనిపించింది. ఆరు గంటల బస్సుకు బయలుదేరి రాత్రి భోజనాల వేళకు విజయవాడ చేరాం.

తిరిగొచ్చాక చాలా రోజులు ఇది రాయలేకపోయాను. మా జట్టుకు చరిత్ర అంటూ ఎవరైనా రాస్తే అరపేజీ కూడా ఉండదు. కప్పులు లేవు, గ్రౌండు లేదు, ఆడిన లీగే ఆగిపోయింది. రాసేవాళ్లు ఆ చివరి పాయింటు గురించి మాత్రం తప్పకుండా రాస్తారు, బహుశా పాస్టరు గారు చెప్పినట్టే రాస్తారు. అది తప్పు కాదు, అలా జరిగిన మాట నిజమే. కానీ ఆ నిజం చెప్పినందుకు ఒక మనిషి అటు తమ్ముడిలాంటి వాణ్ని, ఇటు సొంత ఇంట్లో పలకరింపును పోగొట్టుకుని, ఆ చివరి నెలలు ఎలా గడిపాడో అందులో ఉండదు. గొంతు దాకా నీళ్లలో ఆ ట్యూబు తోసుకుంటూ వెళ్లేటప్పుడు ఏమనుకున్నాడో ఇక ఎవరికీ తెలియదు. నేను ఆ జట్టులో ఆడాను, అతని పక్కన నిలబడ్డాను, నాకూ తెలియదు. ఖాజా, సునీత ఇప్పుడు ఫోన్లో మాట్లాడుకుంటున్నారు. ఎక్కువగా డానియేల్ గురించేనట. అంత కన్నా బాగైన ముగింపు నా దగ్గర లేదు.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక మాట. కోడూరు దాటాక ఫోన్లకు సిగ్నల్ నిలకడగా ఉండదు, సముద్రం దగ్గర అసలే ఉండదు. ఎవరితోనైనా మాట్లాడాల్సి ఉంటే అవనిగడ్డ బస్టాండులో ఉండగానే మాట్లాడేయండి.